అమ్మ ప్లాస్మా మజ్జిగలా మారిన రోజు

అమ్మకు గుండెలోని మైట్రల్ వాల్వు మార్చి తొమ్మిదేళ్లయింది. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వాల్వును పాడుచేసింది. ఇప్పుడున్నది లోహపు వాల్వు కాబట్టి దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి వార్ఫరిన్ వేసుకోవాలి, రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో అంకెలో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష నెలకోసారి చేయించుకోవాలి. డాక్టరు పెట్టిన హద్దు 2.5 నుంచి 3.5. ఆ అంకె చెదరకూడదని అమ్మ పాలకూర, తోటకూర కూడా వారం వారం ఒకే లెక్కలో వండుకుంటుంది.

సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే, పొద్దున టిఫిను తిని వెళ్లి రక్తం ఇచ్చాం. మధ్యాహ్నం ల్యాబు నుంచి ఫోను: "రిపోర్టు ఇవ్వలేమండీ, మళ్లీ రావాలి." ఎందుకని వెళ్లి అడిగితే, అక్కడి కుర్రాడు నీలం మూత గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూపించాడు. ఎర్రకణాలు అడుక్కి దిగాయి. పైన లేత పసుపుగా, తేటగా ఉండాల్సిన ప్లాస్మా చిక్కటి మజ్జిగలా ఉంది. గొట్టం వెనక పెట్టిన అతని వేలు కనబడలేదు. వాళ్ల యంత్రం గడ్డకట్టడాన్ని కాంతితో కనిపెడుతుంది. కొవ్వుతో ప్లాస్మా ముందే తెల్లబడితే గడ్డ ఎప్పుడు మొదలైందో దానికి సరిగ్గా తెలియదు. ఏదో ఒక అంకె వేసి పంపకుండా ఆపినందుకు ఆ కుర్రాడికి నేను రుణపడి ఉన్నాను. ఆ అంకెను బట్టే కదా అమ్మ మాత్ర మోతాదు!

మర్నాడు పరగడుపున ఇంకో ల్యాబుకు వెళ్లాం. అక్కడి యంత్రంలో చిన్న స్టీలు గుండు కదులుతూ ఉంటుంది, రక్తం గడ్డకట్టగానే దాని కదలికకు అడ్డు పడుతుంది. కాంతితో పని లేదు. ఐఎన్ఆర్ 2.9 అని వచ్చింది. రక్తంలోని కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు మాత్రం 690! అవి 150 లోపు ఉండాలి.

షుగరు చూసే డాక్టరు ఆ కొవ్వు తగ్గడానికి ఫెనోఫైబ్రేట్ రాశారు. వార్ఫరిన్ వాడుతున్న సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ తప్పులో నా వంతు ఉంది. పన్నెండో రోజు పళ్లు తోముకుంటుంటే అమ్మ ఉమ్మిన నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. గాజులు ఒరుసుకునే చోట చేయి కమిలి ఉంది. వెంటనే పరీక్ష చేయిస్తే ఐఎన్ఆర్ 5.8.

గుండె డాక్టరు రెండు రాత్రులు వార్ఫరిన్ ఆపించి, తర్వాత మోతాదు తగ్గించి, వారానికోసారి పరీక్ష రాశారు. ఫెనోఫైబ్రేట్ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుందని, మొదలుపెట్టేటప్పుడే ఐఎన్ఆర్ దగ్గరగా చూసుకుంటూ ఉండాల్సిందని చెప్పారు. నాకు భయం తీరేదాకా ఓపిగ్గా విడమరిచారు కూడా. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను కారకాలంటారు. వాటిలో 2, 7, 9, 10 కాలేయంలో తయారై పనిచేయాలంటే ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ దానికే అడ్డుపడుతుంది. వీటిలో ఏడో కారకం అన్నిటికన్నా త్వరగా, దాదాపు ఆరు గంటల్లో, సగానికి పడిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లలో ఆ ఏడో కారకమే చురుగ్గా ఉంటుందట, కొవ్వు దండిగా ఉన్న భోజనం చేశాక ఇంకా చురుకవుతుందట. అంటే రక్తంలో కొవ్వు రక్తనాళాల గోడలకు పట్టడంతో ఊరుకోదు, గడ్డకట్టే పనిలోనూ దానికి చేయి ఉంది. ఇన్నేళ్లూ నేను వీటిని రెండు వేరు జబ్బులుగా, రెండు వేరు ఫైళ్లలో పెట్టుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక చదువుతుంటే విటమిన్ కె పుట్టుక కనబడింది. 1929లో కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ పరిశోధిస్తున్నది కొలెస్ట్రాల్ గురించే. కొవ్వు తీసేసిన మేత పెట్టిన కోడిపిల్లల్లో రక్తస్రావం మొదలైంది. కొలెస్ట్రాల్ తిరిగి ఇచ్చినా ఆగలేదు. లోపించిన ఆ పదార్థమే విటమిన్ కె అని తర్వాత తేలింది. గడ్డకట్టడాన్ని తెలిపే జర్మన్ మాట Koagulation లోని మొదటి అక్షరమే దానికి పేరైంది.

ఏడు వారాలు పట్టింది. ఐఎన్ఆర్ 4.1, 3.6, 2.4, మళ్లీ 2.8. ట్రైగ్లిజరైడ్లు 230కి దిగాయి. వంటింటి క్యాలెండరులో పరీక్ష తేదీ గడిలో ఇదివరకు అమ్మ ఒక్క అంకే రాసేది. ఇప్పుడు కొవ్వు పరీక్ష కూడా చేయించిన రోజున రెండూ రాస్తోంది, ఒకదాని కింద ఒకటి.