శ్రీశైలం వెనుక జలాలకు పడవ ఎంచుకున్న తీరు

కృష్ణా తుంగభద్రలు కలిసే సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం జలాశయపు ఒడ్డు ఏడాది పొడవునా ఒకే చోట ఉండదు. నిండు మట్టం 885 అడుగులు. విద్యుత్తుకూ కాలువలకూ నీళ్లు వాడుకుంటూ పోగా వేసవి నాటికి అది 854 అడుగులకూ, కొన్నేళ్లలో అంతకన్నా కిందికీ దిగుతుంది. నేల వాలు తక్కువగా ఉండే చోట ఆ ముప్పై అడుగుల తేడాకే ఒడ్డు చాలా దూరం జరిగిపోతుంది. ఆగస్టులో పడవ కట్టేసిన చోట ఫిబ్రవరిలో పైరు కనబడుతుంది. మా చిన్నాయనా నేనూ కలిసి చేపల వేటకు పడవ కొనాలనుకున్నప్పుడు ఈ సంగతి మాకు తెలియనిది కాదు గానీ, పడవ ఎంపికలో దీనికి ఎంత బరువు ఇవ్వాలన్న దగ్గరే మా ఇద్దరికీ చాలా రోజులు వాదన నడిచింది. 2022లో జిల్లాలు విడదీశాక ఆ ఒడ్డు నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. మా ఇల్లూ మా బేరాలూ మాత్రం ఇప్పటికీ కర్నూలులోనే.

అంతకుముందు చిన్నాయన నడిపింది పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవ, ఆ తర్వాత ఫైబర్ పడవ. పుట్టికి మోటారు బిగించే వీలు లేదు. ఫైబర్ పడవ వేసవిలో రాళ్ల మీద ఈడ్చి ఈడ్చి అడుగు పొరలు లేచి, ఎన్నిసార్లు అతుకు వేసినా నీళ్లు ఊరడం మానలేదు. ఇనుప రేకు పడవ చవకే, కానీ ఇనుము అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు బరువు, పైగా తుప్పు. అందుకని అల్యూమినియం పడవ కోసం వెతికాం. మన వైపు అవి అరుదు. వాకబు చేయగా రెండు తేలాయి. ఒకటి ఒక కాంట్రాక్టరు నీటి సర్వే పనికి వాడి పక్కన పెట్టిన పన్నెండు అడుగుల పాత పడవ. చదునైన అడుగు, రివెట్లతో కూర్చిన పల్చటి రేకు, బరువు అరవై కిలోల పైచిలుకు. రెండోది కొచ్చి వైపు కొత్తగా తయారైన పద్నాలుగు అడుగుల పడవ. మూడు మిల్లీమీటర్ల రేకు, అతుకులన్నీ వెల్డింగువే, అడుగు నాగటి కర్రులా కోసుగా ఉంటుంది, బరువు నూట ముప్పై కిలోలకు దగ్గర. పాతదాని ధర కొత్తదానిలో సగం కూడా లేదు. ధర ఒక్కటే చూసి నిర్ణయించుకునే మాటైతే ఇంత రాయవలసిన పని ఉండేది కాదు.

నా మనసు మొదట కొత్తదాని మీదే ఉండేది, అందుకు కారణం గాలి. సంగమేశ్వరం నుంచి సిద్ధేశ్వరం వరకు నీరు విశాలంగా పరుచుకుని ఉంటుంది. నది నల్లమల కొండల మధ్య ఇరుకులోకి దూరేది ఆ తర్వాతే. నైరుతి గాలి లేచే రోజుల్లో అంత వెడల్పు నీటి మీద అల పెరగడానికి అడ్డేమీ ఉండదు. కోసు అడుగు అలను చీల్చుకుంటూ పోతుంది. చదును అడుగు ప్రతి అల మీదా దబ్బున పడుతుంది. ఆ దెబ్బ కూర్చున్నవాళ్ల నడుముకు ఎంత తగులుతుందో రివెట్లకూ అంతే తగిలి, అవి క్రమంగా వదులవుతాయి. వెల్డింగు పడవకు ఆ బెడద లేదు. ఇదంతా చిన్నాయనకు చెబితే ఆయన కొట్టిపారేయలేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు: “పడవ ఉరికేటప్పుడు కాదప్పా, నిలబడినప్పుడు ఎట్లుంటుందో సూడల్ల. వల లాగేది ఉరుక్కుంటా కాదు గదా.”

ఆ మాటను పరీక్షించి చూడటం సులువే. రెండు పడవలనూ అమ్మేవాళ్ల అనుమతితో నిలకడ నీటిలో దింపించి, మేమిద్దరం ఒకే పక్కకు జరిగి, వల లాగుతున్నట్టు అంచు మీదికి వంగాం. చదును అడుగు పడవ కొద్దిగా ఒరిగి ఆగిపోయింది. కోసు పడవ మొదట ఒక్కసారిగా చాలా ఒరిగి, పక్క రేకు నీటికి ఆనాక గానీ నిలదొక్కుకోలేదు. అది మునగదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. అంచు ఎత్తు కూడా ఎక్కువే. అయితే బొచ్చె, రవ్వ చేపలు నిండిన వలను తెల్లవారుజామున చీకట్లో లాగే మనిషికి కాళ్ల కింద ఆ తూలుడు ప్రతిరోజూ ఉంటుంది, పెద్ద అల మాత్రం ఏడాదిలో కొన్ని వారాలే ఉంటుంది. పైగా వల వేసేది సాయంత్రం, తీసేది తెల్లవారి. గాలి బలంగా లేచేది ఎక్కువగా మధ్యాహ్నం. ఇక్కడ నా వాదన కొంత పలచబడింది.

లోతు సంగతి కాగితం మీద లెక్క వేశాను. చదును పడవ అడుగుభాగం నీటికి ఆనే వైశాల్యం సుమారు ముప్పై అయిదు చదరపు అడుగులు. పడవ ఒక్కో అంగుళం దిగినప్పుడల్లా దాదాపు మూడు ఘనపుటడుగుల నీరు, అంటే ఎనభై కిలోల పైచిలుకు నీరు, పక్కకు తొలగుతుంది. పడవ, ఇద్దరు మనుషులు, మోటారు, వలలు, చేపలు అన్నీ కలిపి మూడు వందల ముప్పై కిలోలు అనుకుంటే నాలుగు అంగుళాల నీటిలో తేలుతుంది. కోసు పడవకు దాని బరువూ ఆకారమూ రెండూ తోడై అంతకు రెట్టింపు లోతు కావాలి. అయితే ఈ లెక్క చూసి మురిసిపోవడానికి లేదు, ఎందుకంటే మోటారు ఫ్యాను ఏ పడవకైనా అడుగు కన్నా కిందికే వేలాడుతుంది. లోతు తక్కువైన చోట మోటారు పైకెత్తి గడతో నెట్టుకోవలసిందే, అలా గడతో నెట్టడానికి తేలిక పడవ ఎంత హాయో చెప్పనక్కరలేదు.

అసలు తేడా మాకు నేల మీద కనబడింది. నీరు తగ్గే కొద్దీ పడవను బురదలోంచీ రాళ్ల మీదుగానూ కొత్త ఒడ్డుకు మార్చుకోవాలి, వరద వచ్చే ముందు తిరిగి పైకి చేర్చుకోవాలి. అరవై కిలోల పడవను, మోటారు విప్పేస్తే, ఇద్దరం చెరో కొన పట్టుకుని తీసుకుపోగలం. నూట ముప్పై కిలోలదానికి నలుగురు కావాలి, లేదా ట్రాక్టరు కావాలి. మెత్తటి బురదలోకి ట్రాక్టరు రాదు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగిన రోజుల్లో పుట్టిని సమయానికి పైకి చేర్చుకోలేక పోగొట్టుకున్న మనిషి మా చిన్నాయన. ఆయన దృష్టిలో ఇద్దరి చేతులతో కదలని పడవ మనది కాదు, నీటిది. ఈ ఒక్క విషయంలో ఆయనతో వాదించే హక్కు నాకు లేదనిపించింది.

ఇక మిగిలింది పాత పడవ రివెట్ల అనుమానం. దీనికి ఒక మంచి పద్ధతి ఉంది, రివెట్ల పడవ కొనదలచినవారు తప్పక చేయవలసింది. పడవను నీటిలో దింపి లోపల తడి వెతకడం కన్నా, ఒడ్డున దుంగల మీద ఎత్తిపెట్టి, లోపల నాలుగైదు అంగుళాల నీళ్లు పోసి, కిందికి దూరి బయటివైపు చూడాలి. బయటి రేకు పొడిగా ఉంటుంది గనుక కారే రివెట్టు ఏదో ఇట్టే తెలిసిపోతుంది. అంచు దాకా నింపకూడదు. నీటి బరువు మోయడానికి కింద ఆధారం చాలక రేకు వంగిపోయే ప్రమాదం ఉంది. మేము పోసి చూస్తే ముక్కు దగ్గర వరుసగా కొన్ని, నడిమి బల్ల కింద రెండు మూడు కారాయి. వాటి చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాం. అమ్మే ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది గానీ, ధర తగ్గించే మాట అక్కడి నుంచే మొదలైంది.

వదులైన రివెట్టును బిగించడానికి గ్యాసూ యంత్రమూ అక్కరలేదు. ఒకరు ఒక వైపు బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటే, మరొకరు రెండో వైపు నుంచి సుత్తితో కొడతారు. తల మరీ అరిగిపోతే తొలిచి తీసి కొత్తది వేస్తారు. కొత్తది కూడా అల్యూమినియందే అయ్యుండాలి. రాగి గానీ మామూలు ఇనుము గానీ అల్యూమినియంకు ఆనించి నీటిలో ఉంచితే ఆ చుట్టూ రేకు తినేసుకుపోతుంది. వెల్డింగు పడవ చీలితే మాత్రం మామూలు ఇనుము అతికే షాపులో కుదరదు, ఆర్గాన్ గ్యాసుతో అల్యూమినియం అతకడం వచ్చిన చెయ్యి కావాలి. గట్టి పడవ అరుదుగా పాడవుతుంది, పాడైతే పట్నం దాకా మోయాలి. పల్చటి పడవ ఏటా కొంత పని పెడుతుంది, ఆ పని మన ఒడ్డునే అవుతుంది. నాకు రెండోదే నయమనిపించింది. పెద్ద నీటిలో రోజంతా తిరిగేవారికి, దిగడానికి సిమెంటు ర్యాంపు ఉన్నవారికి, నేనైనా వెల్డింగు పడవే తీసుకోమంటాను.

మోటారు విషయంలో పెద్ద చర్చ జరగలేదు. ఎనిమిది గుర్రాల శక్తి గల టూ స్ట్రోకు మోటారు ముప్పై కిలోల లోపే ఉంటుంది, భుజాన వేసుకుని పోవచ్చు. లీటరు పెట్రోలుకు ఇరవై మిల్లీలీటర్ల నూనె కలపాలి. పూర్తి వేగంతో పోతే గంటకు మూడు నాలుగు లీటర్లు తాగుతుంది, అందుకే చిన్నాయన సగం వేగం దాటనివ్వడు. మోటారు బిగించే పడవ వెనుక పలక ఎత్తు పదిహేను అంగుళాలు గనుక పొట్టి కాడ (మోటారు నుంచి ఫ్యాను దాకా దిగే నిలువు భాగం) ఉన్న మోటారే సరిపోతుంది. పొడవు కాడది బిగిస్తే ఫ్యాను మరో అయిదు అంగుళాలు కిందికి దిగి ప్రతి మొద్దుకూ తగులుతుంది.

మత్స్యకారుల సంఘం సభ్యత్వమూ చేపల వేట లైసెన్సూ చిన్నాయన పేరు మీద ముందే ఉన్నాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సహాయం అప్పట్లో ఉంది. ఆ దారిలో పోదామని నేనన్నాను గానీ, కాగితాలు తిరిగొచ్చేలోపు నీటి కాలం దాటిపోతుందని ఆయన ఒప్పుకోలేదు.

పాత పడవే తీసుకున్నాం. బల్లల కింద నురుగు దిమ్మెలు గట్టిగా ఉన్నాయో లేవో నొక్కి చూసి, తడిసి బరువెక్కిన ఒకదాన్ని మార్పించాం. పడవ నీళ్లతో నిండినా తేలి ఉండటానికి ఆధారం అవే. పైకి రంగు వేయమని చాలామంది సలహా ఇచ్చారు. మంచినీటిలో అల్యూమినియంకు తనంతట ఏర్పడే పొరే చాలు గనుక ఆ ఖర్చు మానేశాం. కర్నూలు ఎండకు రేకు బల్ల మీద కూర్చోలేం గనుక వాటి మీద చెక్క పలకలు బిగించాం, తెడ్డు తగిలి రేకు మోగినప్పుడల్లా చేపలు చెదరకుండా అడుగున గోనెపట్టాలు పరిచాం. నీరు తగ్గినప్పుడు, జలాశయంలో మునిగి ఉండే సంగమేశ్వర ఆలయపు రాళ్లకూ పాత చెట్ల మొద్దులకూ ఫ్యాను తగిలితే గేర్లు పాడవకుండా మధ్యలో చిన్న పిన్ను విరిగేలా ఈ మోటారులో ఏర్పాటు ఉంది. విరిగితే అక్కడికక్కడే మార్చుకోవడానికి కొన్ని పిన్నులూ ఒక పట్టకారూ ముక్కు దగ్గరి డబ్బాలో ఎప్పుడూ ఉంచుతున్నాం.