నాన్న ఫోన్‌లో మోగని అలారం

మా నాన్నకి చాలా ఏళ్లుగా షుగర్. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ మర్చిపోతున్నారని మందుల రిమైండర్ యాప్ వేసి, 8 గంటలకు మోగేలా పెట్టాను. వారం రోజులు బాగానే మోగింది. తర్వాత ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోన్. "రాత్రి నాన్న ఇంజెక్షన్ వేసుకోలేదురా, ఇప్పుడు చూస్తే షుగర్ 300 దాటింది" అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అలారం మోగనే లేదట.

శనివారం ఇంటికెళ్లి పక్కన కూర్చుంటే సంగతి తెలిసింది. నాన్న వాట్సాప్ చూడటం అయిపోగానే ఓపెన్ చేసిన యాప్‌లన్నీ కార్డుల్లా వరసగా కనిపించే ఆ స్క్రీన్ తెరిచి, బొటనవేలితో ఒక్కొక్కటే పైకి తోసేసి, అంతా ఖాళీ అయ్యాకే ఫోన్ జేబులో పెడతారు. "గదిలోంచి వచ్చేటప్పుడు లైటు ఆర్పమూ? ఇదీ అంతే" అన్నారు. ఛార్జింగ్ మిగులుతుందని సెల్ షాపులో చెప్పారట.

మిగలదండీ. ఆ కార్డుల్లో చాలావాటి వెనక యాప్ నడుస్తూ ఉండదు, నమ్మకం లేకపోతే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసి చూడండి, చాలా ఫోన్లలో కార్డులు అలాగే ఉంటాయి. ర్యామ్‌లో, అంటే ఫోన్ తాత్కాలిక మెమరీలో, ఊరికే పడున్న యాప్ బ్యాటరీ పెద్దగా తినదు, చోటు చాలకపోతే ఫోన్‌ని నడిపే ఆండ్రాయిడే దాన్ని తీసేస్తుంది. మనం తోసేసి పది నిమిషాలకోసారి మళ్లీ తెరిస్తే మాత్రం ప్రతిసారీ మొదటి నుంచి లోడ్ అవ్వాలి, అసలు ఖర్చు అక్కడే. కదలకుండా పడున్న ఫోన్‌లో యాప్‌లను నిద్రపుచ్చే డోజ్ అనే ఏర్పాటు 2015లో ఆండ్రాయిడ్ 6తోనే వచ్చింది. 2018లో ఆండ్రాయిడ్ 9 నుంచి, మనం ఎంత తరచుగా వాడతామో చూసి ఒక్కో యాప్‌కి ఎంత పని చేయనివ్వాలో కూడా ఫోనే తేల్చుకుంటోంది.

మరి అలారం ఎందుకు ఆగింది? కొన్ని కంపెనీల ఫోన్లలో కార్డు తోసేస్తే యాప్‌ని పూర్తిగా చంపేస్తారు, అది పెట్టుకున్న అలారాలు కూడా దాంతోపాటే పోతాయి. నాకిది చాలా అన్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే ఆ సంగతి స్క్రీన్ మీద ఒక్క ముక్క కూడా చెప్పరు.

సెట్టింగ్స్‌లో ఆ మందుల యాప్ పేజీకి వెళ్లి, యాప్ తనంతట తానే మొదలయ్యేలా చేసే ఆటోస్టార్ట్ ఆన్ చేశాను, బ్యాటరీ దగ్గర ఏ ఆంక్షా లేకుండా పెట్టాను, మిగతావాటితో పాటు మూసుకుపోకుండా దాని కార్డుని నొక్కి పట్టుకుంటే వచ్చే తాళం గుర్తు కూడా వేశాను. మెమరీ ఖాళీ చేస్తానని చెప్పే ర్యామ్ క్లీనర్ యాప్ ఒకటుంటే తీసేశాను, రోజంతా వెనకాల నడిచేది అదే. నిజంగా ఛార్జింగ్ తినేదెవరో బ్యాటరీ పేజీలో కనిపిస్తుంది, నాన్న ఫోన్‌లో అది ఒక షాపింగ్ యాప్, దానికి మాత్రం వెనకాల నడవకుండా ఆంక్ష పెట్టే రిస్ట్రిక్టెడ్ పెట్టాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ కూడా ఈ వారమే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక మళ్లీ చూడాలి, కొన్ని ఫోన్లలో ఈ సెట్టింగ్‌లు మొదటికొచ్చేస్తాయి. మొన్న ఆదివారం నాన్న ఫోన్ అప్‌డేట్ అయితే నేను వెళ్లేదాకా ఆగకుండా అమ్మే తెరిచి చూసి, ఆటోస్టార్ట్ ఆన్‌లోనే ఉందని ఫోన్ చేసి చెప్పింది.