సిమెంటు పెరట్లో కోళ్లకు కాస్త పొడి మట్టి

మా పల్నాడు ఊళ్లలో ఒకప్పుడు కోళ్లకు దుమ్మును ఎవరూ పనిగట్టుకొని సమకూర్చవలసిన అవసరం ఉండేది కాదు. కట్టెల పొయ్యిలోని బూడిదను పెరటి మూలన పోసేవారు, గడ్డివాము పక్క నేల పొడిగా ఉండేది, పశువుల కొట్టం చూరు కింద మెత్తని మన్ను దొరికేది. కోళ్లు తమకు నచ్చిన చోట గుంత చేసుకొని పొర్లాడేవి. గ్యాసు పొయ్యి వచ్చాక బూడిద లేకుండా పోయింది, వాకిలితో పాటు పెరడంతా సిమెంటు అయింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాల కోడిపిల్లలను తెచ్చుకొని, దాణా, నీళ్లు, కొక్కెర తెగులు టీకా అన్నీ శ్రద్ధగా చూసుకునే ఇళ్లలో కూడా పొర్లాడటానికి జానెడు పొడి మట్టి ఉండటం లేదు. కోడికి నీళ్ల గిన్నె ఎంత అవసరమో ఈ మట్టి కూడా అంతే అవసరమని నేను నమ్ముతున్నాను.

మట్టి స్నానం అనేది కోడి సరదాకు చేసే పని కాదు. కోడి తోక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఆ నూనెను ముక్కుతో తీసుకొని ఈకలకు పూసుకుంటుంది. కాలం గడిచేకొద్దీ ఆ జిడ్డు పాతబడి ఈకలు అంటుకుపోతాయి. పొడి మట్టి ఆ పాత జిడ్డును పీల్చుకుంటుంది, లోపలి నూగు ఈకలు మళ్లీ విచ్చుకుంటాయి, చర్మం మీది పేలు కొన్ని రాలిపోతాయి. ముందుగా మట్టిని గోళ్లతో, ముక్కుతో వదులు చేసి, ఈకలన్నీ ఉబ్బించి కూర్చొని, రెక్కలను వేగంగా ఆడిస్తూ మట్టిని ఈకల సందుల్లోకి ఎగజిమ్ముకుంటుంది. ఆపైన పక్కకు ఒరిగి తలనూ పక్కలనూ రుద్దుకొని, చివరకు లేచి ఒళ్లంతా విదిలించుకుంటుంది. వీలున్న కోడి సాధారణంగా రెండు రోజులకు ఒకసారి, ఎక్కువగా మధ్యాహ్నపు వేళ, సుమారు 20 నుంచి 30 నిమిషాల పాటు ఈ పనిలో ఉంటుంది. కాళ్లు చాపి పక్కకు ఒరిగి ఉన్న కోడిని మొదటిసారి చూసేవారు జబ్బు చేసిందని కంగారు పడతారు కానీ, అది సుఖంగా ఉన్నదనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు.

ఈ అలవాటు కోళ్లకు తూర్పు కనుమల అడవుల్లో నేటికీ తిరిగే ఎర్ర అడవికోడి నుంచి వచ్చినది. తల్లి నేర్పకపోయినా, యంత్రంలో పొదిగించిన పిల్లలు కూడా పుట్టిన కొద్ది రోజులకే పొర్లాడటం మొదలుపెడతాయి. ఇనుప తీగల బోనులో పెట్టిన కోడి, కింద మట్టి లేకపోయినా, ఖాళీ తీగల మీదే కూర్చొని రెక్కలు ఆడిస్తూ అవే కదలికలు చేస్తుంది. చాలాకాలం మట్టి దొరకని కోడికి ఒక్కసారి దాన్ని చూపిస్తే మామూలు కంటే ఎక్కువసేపు పొర్లుతుంది. ఐరోపా సమాఖ్య 1999లో చేసిన చట్టం ప్రకారం, ఏ వసతీ లేని బోనుల్లో గుడ్ల కోళ్లను ఉంచడం అక్కడ 2012 జనవరి 1 నుంచి నిషిద్ధం; బోనులోనే పెంచినా గూడు, కూర్చునే కర్ర, గోకటానికి వీలైన లిట్టరు (నేల మీద పరిచే పొట్టు వంటిది) ఉండి తీరాలి. వేలకొద్దీ కోళ్లున్న ఫారాలకే ఈ నియమం ఉన్నప్పుడు, ఐదారు కోళ్లను ఇష్టంగా పెంచుకునే మనకు ఒక తొట్టెడు మట్టి పెద్ద భారం కాకూడదు.

మా పెరట్లో నేను ఇందుకోసం బావులకు వాడే సిమెంటు వర ఒకటి పెట్టాను. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న వర ఐదారు కోళ్లకు సరిపోతుంది. కోళ్లు ఒకదాన్ని చూసి మరొకటి పొర్లడానికి వస్తాయి కాబట్టి రెండు మూడు ఒకేసారి కూర్చునేంత చోటు ఉండటం మేలు. పెరడు కడిగిన నీళ్లు చేరకుండా వాలుకు ఎగువ వైపున, ఉదయం ఎండ తగిలి మధ్యాహ్నానికి నీడ వచ్చే గోడ పక్కన దాన్ని ఉంచి, అడుగు అంచుకు సిమెంటు పూశాను. లోపల ఎనిమిది అంగుళాల లోతున మట్టి పోసి, పైన నాలుగంగుళాలు ఖాళీ వదిలితే చిమ్మిన మట్టి చాలా వరకు లోపలే పడుతుంది. వనరాజా వంటి బరువైన కోళ్లు సులువుగా ఎక్కడానికి బయట రెండు ఇటుకలు వేయాలి. ఇలా ఒక చోటు చూపించకపోతే అవి కరివేపాకు మొక్క మొదలునో గులాబీ కుండీనో తవ్వుకుంటాయి. దానికి వాటిని తరమడం న్యాయం కాదు.

ఏ మట్టి అన్నదే అసలు విషయం. మా నల్లరేగడి ఎండితే గడ్డకడుతుంది, కొంచెం తడి తగిలితే జిగటగా ఈకలకు పట్టుకుంటుంది కాబట్టి ఒంటరిగా పనికిరాదు. ఎర్రమట్టిని ఎండబెట్టి జల్లించి, దానికి సమానంగా ప్లాస్టరింగుకు వాడే సన్న ఇసుక కలిపితే మంచి మిశ్రమం వస్తుంది. కాంక్రీటుకు వాడే ముతక ఇసుక ఈకల లోపలికి దిగదు. చౌడు మట్టి వద్దు. మిరప, పత్తి చేల గట్ల మీది మట్టిని నేను ఎన్నడూ తీసుకురాను, ఎందుకంటే ఆ గట్ల మీద ఏళ్ల తరబడి పురుగుమందులు పడి ఉంటాయి.

బూడిద గురించి కాస్త వివరంగా చెప్పాలి. కట్టెల బూడిద చాలా మెత్తగా ఉండి జిడ్డును బాగా పీల్చుకుంటుంది. పెద్దవాళ్లు దాన్ని కోళ్లకు మంచిదన్న మాటలో నిజముంది. అయితే బూడిదకు క్షారగుణం ఉంటుంది, తడిస్తే ఘాటైన క్షారజలంగా మారి కోళ్ల చర్మాన్నీ కళ్లనూ మంట పెడుతుంది. అందువల్ల నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు మించకుండా, పూర్తిగా చల్లారి పొడిగా ఉన్న బూడిదను జల్లించి కలుపుతాను. ప్లాస్టిక్కు, రంగు వేసిన చెక్క, చెత్త కాల్చిన బూడిద కోళ్ల దగ్గరకు రాకూడదు. రైసు మిల్లుల నుంచి తేలికగా దొరికే ఊక బూడిదలో అధిక భాగం సిలికా. ఆ ధూళి కోళ్ల ఊపిరితిత్తులకూ మనకూ మంచిది కాదు కాబట్టి, ఉచితంగా ఇచ్చినా వద్దనే అంటాను. నీడలో ఎండబెట్టిన వేపాకును నలిపి రెండు గుప్పిళ్లు కలపడం మా ఇంటి అలవాటు.

పేల కోసం మట్టిలో పురుగుమందు పొడి కలిపే పద్ధతిని మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తాను. వెనకటి తరంలో గమాక్సిన్ చల్లడం మామూలుగా ఉండేది. అందులోని బీహెచ్‌సీని మన దేశంలో 1997లో నిషేధించారు. కోడి ఆ మట్టిని ముక్కుతో గోకుతుంది, మింగుతుంది, పీలుస్తుంది, ఆ అవశేషాలు గుడ్డులోకి చేరతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ ప్రాంగణ పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, పెట్టెల్లో పోసిన ఇసుకకు డయాటమేషియస్ ఎర్త్ (సూక్ష్మ నాచు శిలాజాల పొడి), కయోలిన్ (ఒక రకం తెల్ల బంకమన్ను), గంధకం వేర్వేరుగా కలిపి చూశారు. మొదటి రెండూ పెట్టెలో పొర్లిన కోళ్ల మీది పురుగులను బాగా తగ్గించగా, గంధకం పెట్టెలోకి దిగని తోటి కోళ్ల మీద కూడా వాటిని దాదాపు లేకుండా చేసింది. అలాగని మిరపకు కొట్టే నీటిలో కరిగే గంధకపు పొడిని తెచ్చి కలపరాదు, అందులో వేరే పదార్థాలు కూడా ఉంటాయి. గంధకం వాడదలిస్తే పశువైద్యుణ్ణి అడిగి, వారు చెప్పిన రకాన్ని, చెప్పిన మోతాదులో వాడాలి.

మట్టి స్నానం పేలను అదుపులో ఉంచుతుంది కానీ, ఒళ్లంతా పట్టిన పేలకు మందు కాదు. అప్పుడప్పుడు రాత్రి వేళ కోడిని పట్టుకొని తోక కింద ఈకలను విడదీసి టార్చి వెలుగులో చూడాలి. ఈక మొదళ్లలో తెల్లని గుత్తులుగా ఈపి కనిపిస్తే పేలు పట్టినట్లే, అప్పుడు వైద్యుని సలహా తీసుకోవాలి. పగలు గూటి పగుళ్లలోనూ కర్ర సందుల్లోనూ దాక్కొని, రాత్రి వచ్చి రక్తం తాగే చిన్న ఎర్ర పురుగులకు ఈ స్నానం పెద్దగా ఏమీ చేయలేదు. వాటికి గూటి సందులను శుభ్రం చేసి, మరిగిన నీళ్లు పోసి, ఆరిన తరువాత గోడలకు సున్నం వేయడమే దారి.

పొదుగుడు కోడి విషయంలో మరింత శ్రద్ధ అవసరం. 21 రోజులు గుడ్ల మీద కదలకుండా కూర్చునే కోడి మీద పేలు త్వరగా పెరుగుతాయి. రోజుకు ఒకసారి మేతకు లేచినప్పుడు అది నేరుగా మట్టి దగ్గరకు పోయి గబగబా పొర్లి తిరిగి వస్తుంది, ఆ కొద్ది సమయంలో మిగిలిన కోళ్లు దాన్ని తరమకుండా చూడాలి. చిన్న కోడిపిల్లలకు వేరుగా ఒక లోతు తక్కువ పళ్లెంలో బూడిద కలపని మట్టి పెడితే సరిపోతుంది.

వానాకాలమే అన్నిటికంటే కష్టం. తడిసిన మట్టిలో కోడి పొర్లదు. పైగా తడి, వేడి కలిసిన చోట రెట్టలోని కాక్సిడియోసిస్ అనే పేగు వ్యాధి క్రిములు ఒకటి రెండు రోజుల్లోనే సోకే దశకు చేరి, కోడిపిల్లలకు రక్తపు పారుడు తెస్తాయి. అందుకే వర పైన నాలుగు కర్రలు నాటి, జల్లు కొట్టే వైపు బాగా ముందుకు వచ్చేలా రేకు వేశాను, వేసవిలోనే రెండు బస్తాల మట్టిని ఎండబెట్టి మూతికట్టి ఉంచుతాను. రాత్రి వరను చెక్కతో మూయాలి, లేకపోతే పిల్లులు దాన్ని మలవిసర్జనకు వాడుకుంటాయి.

రెట్టలను వారానికి ఒకసారి జల్లెడతో ఏరి, మూడు నాలుగు నెలలకు మట్టి అంతా మారుస్తాను. తీసిన మట్టిని పెంటకుప్పలో వేసి, బాగా మాగిన తరువాత కుండీల మొక్కలకు కొద్ది కొద్దిగా వాడతాను. అందులో బూడిద ఉంటుంది కాబట్టి, అసలే క్షారగుణం ఉన్న మా నల్లరేగడి మడులకు మాత్రం వేయను.