శ్లాబు పోసిన మరునాటి పని

మా కళాశాల జాతీయ సేవా పథకం విద్యార్థులు ఉద్దానంలో ఒక కుటుంబానికి ఇల్లు కట్టడంలో పాలుపంచుకున్నారని విన్న మిత్రులు, "పిల్లలకు తాపీ పని ఎలా వచ్చింది మాస్టారూ?" అని అడుగుతున్నారు. రాలేదు, రావలసిన అవసరమూ లేదు. శ్రీకాకుళం జిల్లాలో కొరత తాపీ పనివారికి కాదు. హైదరాబాదులోనూ చెన్నైలోనూ కట్టే అపార్టుమెంట్లకు రాళ్లెత్తిన వారిలో మా జిల్లా వలస కూలీలు ఎందరో ఉన్నారు. మేము వెళ్లిన ఇంటి యజమానీ అటువంటి మేస్త్రీయే. ఏడాదిలో ఎక్కువ కాలం ఊరు కాని ఊళ్లో ఇతరుల ఇళ్లు కడుతున్న ఆయన సొంత ఇల్లు మాత్రం బేస్‌మెంటు దగ్గరే ఆగిపోయింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసిన సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. వీరి పూరింటి కప్పు ఎగిరిపోయిందీ ఆనాడే. తరువాత ఇల్లు మంజూరైంది కానీ, బిల్లు దశలవారీగా, అదీ ఆ దశ పని పూర్తయ్యాకే పడుతుంది కనుక ముందు చేతి డబ్బు పెట్టుకోవాలి. ఆ డబ్బు కోసం వలస పోతే ఇంటి దగ్గర పని చూసే మనిషి ఉండడు, ఊళ్లోనే ఉండిపోతే డబ్బు ఉండదు. ఈ పీటముడి అర్థమయ్యాకే మేము చేయగలిగిందేమిటో తేలింది. ఆయన సెలవు పెట్టి వచ్చిన రోజుల్లో తాపీ ఆయనే పట్టుకుంటారు, కూలి ఖర్చు తగ్గేలా మా విద్యార్థులు చేతి కింద పని చేస్తారు. సిమెంటుకూ ఇనుముకూ పూర్వ విద్యార్థులు కొంత చందా వేశారు.

ఇటుకలు మోయడమే కదా అనుకుని వచ్చిన పిల్లలకు మొదటి పాఠం నీళ్ల తొట్టి దగ్గరే జరిగింది. "ఏటి బాబూ, ఎండిటిక అట్టుకొచ్చీసినావు? మాలులో తడంతా అదే తాగేస్తాది!" అని మేస్త్రి ఒక కుర్రాణ్ణి వెనక్కి పంపారు. ఎండు ఇటుక మాలులోని, అంటే ఇసుక, సిమెంటు కలిపిన ముద్దలోని నీటిని పీల్చేస్తే సిమెంటు పూర్తిగా గట్టిపడక, అతుకు బలహీనమవుతుంది. సివిల్ ఇంజనీరింగు వాళ్లు కాని మా పిల్లలు వరుస మట్టంగా ఉందో లేదో చూసే రసమట్టం, గోడ నిలువు చూసే గుండు వాడకం కూడా అక్కడే చూశారు. శ్లాబు రోజున కాంక్రీటు కలిపే మిల్లరు ఆగకుండా తిరుగుతుంటే, నిచ్చెన పొడవునా నిలబడి గమేళాలు చేతులు మార్చారు. ఫోటోలన్నీ ఆ రోజువే.

నా దృష్టిలో అసలు సాయం ఆ మరునాడు మొదలైంది. కాంక్రీటుకు మామూలు సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. మేస్త్రి తిరుగు రైలు ఎక్కేశారు. ఇంట్లో ఉన్నది ఆయన భార్య, ముసలి అత్తగారు, ఇద్దరు బడి పిల్లలు. ఇంటిపని, జీడిపప్పు బట్టీలో కూలిపని చేసుకుంటూ ఆ ఇల్లాలు ఒక్కతే వీధి చివరి బోరు నుంచి బిందెలతో శ్లాబు మీదికి నీళ్లు ఎక్కించడం జరిగే పని కాదు. అందుకే మా వాళ్లు శ్లాబు మీద చిన్న మడులు కట్టి, వంతులు వేసుకుని, పొద్దునా సాయంత్రమూ వాటిని నింపారు. అందులో చూపించుకోవడానికేమీ లేదు, అందుకేనేమో ఇద్దరు ముగ్గురు వంతు ఎగ్గొట్టారు కూడా.

జాతీయ సేవా పథకంలో ప్రత్యేక శిబిరం 7 రోజులు, రెండేళ్లలో మొత్తం సేవ 240 గంటలు. రోడ్డు ఊడ్చడానికో మొక్కలు నాటడానికో ఆ వారం సరిపోవచ్చు కానీ, ఇల్లు శిబిరం తేదీలను బట్టి లేవదు. అందుకని ఈసారి శిబిరాన్ని పునాది నింపడానికీ ఇటుకల మోతకూ వాడి, మిగతా గంటలను ఆదివారాలకూ ఈ నీళ్ల వంతులకూ పంచాము. తోటి ప్రోగ్రాం అధికారులు ఎవరైనా ఇటువంటి పని తలపెడితే, శిబిరం ముగిశాక ఎవరు వస్తారన్నది ముందే రాసి పెట్టుకోమని చెబుతాను.

గోడలకు ప్లాస్టరింగు, గచ్చు, తలుపులు ఇంకా మిగిలి ఉన్నాయి. మేస్త్రి సంక్రాంతికి వస్తానన్నారు. ఈలోగా శ్లాబు దశ బిల్లు కోసం గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు చేత ఫోటో తీయించి నమోదు చేయించే బాధ్యతను ఆ ఊరికి దగ్గరలో ఉండే ఇద్దరు విద్యార్థినులు తీసుకున్నారు.