మాగ్నెటార్ ఎక్స్‌కిరణాల ధ్రువణం లెక్క కట్టడం: నా అనుభవం

10 డిగ్రీలకీ 170 డిగ్రీలకీ సగటు ఎంత? 90 అన్నామా, ఈ పనిలో మొదటిరోజే బోల్తా. ధ్రువణ దిశకి, అంటే కాంతి విద్యుత్ కంపనం ఊగే దిశకి, తలా తోకా లేదు, 180 డిగ్రీలు తిప్పితే మళ్ళీ అదే దిశ. కాబట్టి జవాబు సున్నా. అందుకే కోణాల జోలికీ శాతాల (ఎంత భాగం కాంతి ఒకే దిశలో ఊగుతోందన్నది) జోలికీ పోకుండా, ధ్రువణపు బలాన్నీ దిశనీ కలిపి చెప్పే రెండు సంఖ్యలు, స్టోక్స్ పరామితులు క్యూ, యూలనే విడివిడిగా కూడాలి. కోణం, శాతం చిట్టచివర తీసుకోవాలి.

కావలిలో ఇంట్లోనే, మామూలు లాప్‌టాప్ మీద 4యూ 0142+61 అనే మాగ్నెటార్ (విపరీతమైన అయస్కాంత క్షేత్రం ఉన్న న్యూట్రాన్ తార) డేటాతో చేశాను. 2021 డిసెంబరులో ఎగిరిన, ఎక్స్‌కిరణాల ధ్రువణం కొలిచే నాసా–ఇటలీ ఉపగ్రహం ఐక్స్‌పీ డేటా నాసా హీసార్క్ భాండాగారంలో ఉచితం. శుద్ధి చేసి ఇచ్చే లెవెల్-2 ఫైళ్ళు చాలు. లెవెల్-1లో ప్రతి ఎలక్ట్రాన్ జాడ బొమ్మా ఉంటుంది, జీబీలకి జీబీలు. మా వైపు ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే, డౌన్‌లోడు సగంలో ఆగిపోతుంది.

ఆ జాడే అసలు కొలత. ఫోటాన్ డిటెక్టర్‌లోని గ్యాసులో ఒక ఎలక్ట్రాన్ని ఊడగొడుతుంది. అది బయల్దేరే దిక్కు ఎక్కువగా ఫోటాన్ విద్యుత్ క్షేత్రం వెంబడే ఉంటుంది, తర్వాత వంకర్లు పోతుంది. మొదటి ముక్కలోనే సమాచారం. తక్కువ శక్తి దగ్గర జాడ పొట్టిది కాబట్టి దిక్కు సరిగా పట్టుబడదు.

మూడు డిటెక్టర్లకీ విడివిడిగా, తార చుట్టూ 60 ఆర్క్‌సెకండ్ల (డిగ్రీలో అరవయ్యో వంతు) వృత్తం గీసి ఫోటాన్లని ఏరాను. దానికి దూరంగా వలయం గీసి నేపథ్యం (తారది కాని లెక్క) తీసేయాలి. 6 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల పైన తార వెలుగు పల్చబడుతుంది, అక్కడ ఈ పని బద్ధకిస్తే ఫలితం పాడు. లెవెల్-2లో క్యూ, యూ ఆకాశపు ఉత్తర దిక్కుకి ముందే తిప్పి ఉంటాయి, మళ్ళీ తిప్పకూడదు. జాడ నాణ్యతని బట్టి ఫోటాన్లకి వెయిట్లు వేసి లెక్కించేటప్పుడు వెయిట్లు లేని రెస్పాన్స్ ఫైలు (డిటెక్టర్ స్పందన చెప్పేది) పెట్టినా శాతం తప్పొస్తుంది, పైగా ప్రోగ్రాము ఏ ఎర్రరూ చూపకపోవచ్చు.

ఇక శక్తివారీగా విడగొట్టడం. మొత్తం 2–8 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల పట్టీకి 13 శాతం చుట్టుపక్కల ధ్రువణం వస్తుంది, అంతటితో ఆగితే కథంతా పోతుంది. 2022లో వెలువడిన ఫలితం ప్రకారం 2–4లో దాదాపు 15 శాతం, 4–5 దగ్గర సున్నా, 5.5–8లో దాదాపు 35 శాతం, దిశ మాత్రం 90 డిగ్రీలు మారిపోయింది. 90 డిగ్రీల తేడా అంటే క్యూ, యూల గుర్తు తిరగబడడమే. ఊరికే ఉదాహరణకి, 10 పాళ్ళు 15 శాతానివీ, 1 పాలు అడ్డదిశలో 35 శాతానిదీ కలిపితే మిగిలేది పదిన్నర. నడుమ వచ్చే సున్నా కూడా ధ్రువణం లేక కాదు, రెండూ కొట్టేసుకుని.

ఇందుకు కారణం అయస్కాంత క్షేత్రమే. మాగ్నెటార్ ఉపరితలం దగ్గర అది 10^14 గాస్ స్థాయి. అంత బలంలో ఎలక్ట్రాన్లు క్షేత్రరేఖ వెంబడి కదులుతాయి, అడ్డంగా దాదాపు కదల్లేవు. కాబట్టి కాంతి రెండు రకాలుగా చీలుతుంది, విద్యుత్ కంపనం క్షేత్రం ఉన్న తలంలోనో, దానికి లంబంగానో. ఒక వివరణ ప్రకారం తక్కువశక్తి కిరణాలు వాతావరణం లేని గట్టి ఉపరితలం నుంచీ, ఎక్కువశక్తివి మెలితిరిగిన క్షేత్రంలోని కణాలకి తగిలీ వస్తున్నాయి. నాకు ఇది నమ్మదగ్గదే అనిపిస్తుంది. శూన్యమే ధ్రువణాన్ని క్షేత్రం వెంట నడిపిస్తుందన్న క్వాంటమ్ జోస్యం, అంటే శూన్య ద్వివక్రీభవనం, ఈ ఒక్క తారతోనే రుజువైపోయిందనడం మాత్రం తొందరపాటు.

శాతం వర్గమూలంలోంచి వస్తుంది కనక ఎప్పుడూ ధనాత్మకమే. ధ్రువణమే లేని ఉత్త నాయిజ్ (యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు) కూడా ఎంతో కొంత చూపిస్తుంది. నేపథ్యం లేదనుకుంటే కనీసం గుర్తించగల శాతానికి సూత్రం: ఫోటాన్ల సంఖ్యకి వర్గమూలం తీసి, దాన్ని మాడ్యులేషన్ ఫ్యాక్టర్‌తో (డిటెక్టర్ ధ్రువణాన్ని ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే సంఖ్య) గుణించి, వచ్చినదానితో 4.29ని భాగించడం. ఫ్యాక్టర్ 0.5, ఫోటాన్లు 5,000 అయితే 12 శాతం. 35 వచ్చిందంటే గట్టిదే, 9 వస్తే నోరు మూసుకోవాలి. శాతానికి ఎర్రర్ బారు గీసేకన్నా క్యూ–యూ తలంపై వృత్తాలు గీసి, మూలబిందువు (ధ్రువణం సున్నా అయ్యే చోటు) లోపల పడుతోందా బయట పడుతోందా చూడడం మేలు.

తార 8.69 సెకండ్ల భ్రమణం ప్రకారం మడతపెట్టే (ఒకే దశలో వచ్చిన ఫోటాన్లని ఒకచోట చేర్చే) ముందు, ఫోటాన్లు వచ్చిన కాలాల్ని సౌరకుటుంబ కేంద్రానికి సరిచేయాలి. లేకపోతే భూమి కదలిక వల్ల కాలం 500 సెకండ్ల దాకా అటూఇటూ అయి, భ్రమణ దశలన్నీ కలిసిపోతాయి.