హెడ్ విప్పాక ఎక్కడ ఆగాలి

2023 ఆగస్టులో ఏలూరు నుంచి విజయవాడ వస్తుండగా, హనుమాన్ జంక్షన్ దాటిన కాసేపటికి మా మారుతి 800 వేడెక్కి ఆగిపోయింది. నాన్నగారు 2006లో కొన్న కారు అది. అప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. బోనెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ అడుగుభాగం తడిగా ఉంది, పక్కనున్న నీళ్ల డబ్బా ఖాళీగా ఉంది. ఇంజిన్ చల్లారాక ఆయిల్ పుల్ల తీసి చూశాను. దానికి అంటిన ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది. నీళ్లు ఆయిల్‌లో కలిశాయని, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య సందు మూసే పలక) పోయి ఉంటుందని అక్కడే అర్థమైంది.

కారును కట్టి లాగించి ఆటోనగర్‌కు చేర్చాము. మా కారు పదేళ్లుగా చూస్తున్న మెకానిక్ గారు రెండు లెక్కలు చెప్పారు. హెడ్ వరకు పని చేస్తే సుమారు రూ.14,000, ఇంజిన్ దించి బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) సరిచేసి, పిస్టన్లు, వాటి చుట్టూ సందు మూసే రింగులు, బేరింగులు అన్నీ మారిస్తే సుమారు రూ.38,000. "ఎలాగూ విప్పుతున్నాం కదండీ, ఫుల్ ఇంజిన్ చేసేద్దాం. మళ్లీ పదేళ్లు దాని వంక చూడక్కర్లేదు" అన్నారు. అది డబ్బు కోసం చెప్పిన మాట అని నేను అనుకోలేదు. హెడ్ పని చేయించుకుని వెళ్లిన బండి ఆరు నెలలకే పొగ కక్కుతూ తిరిగొస్తే మాట పడేది ఆయనే.

అయినా "ఎలాగూ విప్పుతున్నాం" అన్న మాటను అలాగే ఒప్పుకోలేకపోయాను, ఎందుకంటే ఈ బండిలో హెడ్ విప్పడమూ ఇంజిన్ దించడమూ రెండు వేర్వేరు పనులు. హెడ్ పని ఇంజిన్ కారులో ఉండగానే జరిగిపోతుంది. అడుగు భాగం వరకు వెళ్లాలంటే గేర్ బాక్స్ విడదీయాలి, ఇంజిన్ దించాలి, బ్లాకును లేత్ షాపుకు పంపాలి. ఇప్పటికే కూలి ఇచ్చి తెరిపించిన చోట చేయించే అదనపు పని ఒక రకం. మళ్లీ కూలి ఇచ్చి కొత్తగా తెరిపించే చోట చేయించే పని పూర్తిగా వేరు. మొదటి దానిలో పిసినారితనం కూడదు. రెండో దానికి కొలిచి చూపించిన కారణం ఉండాలి.

అందుకే ఏదీ విప్పకముందే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కొలిపించాను. మొదటి సిలిండర్ 165 పి.ఎస్.ఐ. చూపింది, రెండోది 95, మూడోది 90. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే, వాటి మధ్య గాస్కెట్ తెగిందన్న అనుమానమే ముందు వస్తుంది. ప్లగ్గు రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే ఆ అంకెలు పెద్దగా పెరగలేదు. రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందును మూసి అంకె స్పష్టంగా పెరిగేది. నష్టం పైనే ఉందనడానికి ఇది బలమైన సూచనే గానీ తీర్పు కాదు, ఎందుకంటే గాస్కెట్ తెగి ఉన్నంతవరకు ఆ రెండు సిలిండర్ల రింగుల అసలు స్థితి పూర్తిగా బయటపడదు.

హెడ్ తీశాక మెకానిక్ గారూ నేనూ లైటు పట్టుకుని చూశాము. గాస్కెట్ సరిగ్గా రెండు, మూడు సిలిండర్ల మధ్యనే తెగి ఉంది. బోరు గోడల మీద హోనింగ్ గీతలు (తయారీలో వేసే సన్నటి గీతలు, గోడ అరిగితే చెరిగిపోతాయి) ఇంకా కనిపిస్తున్నాయి. పై అంచు దగ్గర గోరుతో తడిమితే తగిలే అరుగుదల మెట్టు లేదు. హెడ్ మాత్రం వంగింది: ఉక్కు బద్ద అడ్డంగా పెట్టి చూస్తే మధ్యలో 0.10 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూరింది. ఇలాంటి అల్యూమినియం హెడ్‌కు 0.05 మి.మీ. దాటితే ఫేసింగ్ (ముఖాన్ని చదునుగా చెక్కడం) తప్పదు.

నాకు మిగిలిన భయం బేరింగుల గురించే. నీళ్లు కలిసిన ఆయిల్‌కు భారాన్ని మోసే పొర సరిగా నిలవదు. అలా కొంతదూరం నడిస్తే చాలు, క్రాంక్ బేరింగులు గీసుకుపోతాయి. ఇంజిన్ దించకుండానే అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పి, ఒక్క కనెక్టింగ్ రాడ్ క్యాప్ (పిస్టన్ కడ్డీని క్రాంక్‌కు పట్టి ఉంచే మూత) తీసి బేరింగు చూడమని అడిగాను. బేరింగు ముఖం అంతటా ఒకే బూడిద రంగులో ఉంది, ఎక్కడా కింది రాగి రంగు పొర బయటపడలేదు. అక్కడ రాగి కనిపించి ఉంటే మారుమాట లేకుండా ఫుల్ ఇంజిన్‌కే ఒప్పుకునేవాణ్ణి.

ఇవన్నీ చూశాక అడుగు భాగాన్ని కదపకూడదని నిర్ణయించుకున్నాను. కంపెనీ బిగింపు కదలని ఇంజిన్‌కు ఒక విలువ ఉందని నా నమ్మకం. 1998లో మా బాబాయి తన డీజిల్ జీపుకు, రింగులు మారిస్తే సరిపోయే స్థితిలో ఫుల్ ఇంజిన్ చేయించారు; బోరు తిన్నగా రాలేదు, ఆ జీపు చివరిదాకా ఆయిల్ తాగుతూనే ఉంది. తప్పు ఆ లేత్ పనిదే కావచ్చు. కానీ అంత నిఖార్సైన పని అవసరమయ్యే చోటును అవసరం లేకుండా తెరవడం కూడా ఒక నిర్ణయమే కదా.

కాగితాల లెక్క కూడా చూసుకున్నాను. కారు రిజిస్ట్రేషన్ 2021లో అయిదేళ్లకు పొడిగించుకున్నాము, అంటే 2026 వరకే. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్ల పునరుద్ధరణ రుసుము రూ.5,000 అయింది. మేము తిరిగేది ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు. మిగిలిన గడువులో పన్నెండు వేలు తిరిగే బండికి పదేళ్ల ఇంజిన్ ఎందుకు?

తెరిచిన చోట మాత్రం ఏదీ వదల్లేదు. హెడ్ ఫేసింగ్, వాల్వుల లాపింగ్ (అవి బిగుతుగా మూసుకునేలా అరగదీయడం) చేయించాను, కొత్త వాల్వ్ సీళ్లు (ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపేవి) వేయించాను. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగిపోయేది. అది వాల్వ్ సీళ్ల లక్షణం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలిపొగ వచ్చి ఉంటే రింగులను అనుమానించేవాణ్ణి. టైమింగ్ బెల్ట్, దాని టెన్షనర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, నీళ్ల పైపులు కూడా మార్పించాను. క్లచ్ ప్లేట్ మార్చమన్న సూచనకు ఒప్పుకోలేదు, గేర్ బాక్స్ దించడం లేదు కాబట్టి.

మొదటి అంచనాలో రేడియేటర్ లేదు, టంకం వేయిస్తే చాలన్నారు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా పట్టుబట్టాను. గాస్కెట్ పోవడానికి కారణం రేడియేటర్ కారడమే. కారణాన్ని అతుకుతో వదిలేసి దాని ఫలితానికి పద్నాలుగు వేలు పోయడం నాకు సమ్మతం కాలేదు. కొత్త రేడియేటర్ వేయించాను, ఫ్యాన్ స్విచ్ సరైన వేడికి పనిచేస్తోందో లేదో నా ముందే పరీక్షించారు. మొత్తం ఖర్చు రూ.19,400 అయింది.

హెడ్ బోల్టులు టార్క్ రెంచితో, మధ్య నుంచి బయటికి, విడతలు విడతలుగా బిగించారు. లోపల మిగిలిన తడి పోవడానికి 200 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చారు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత కంప్రెషన్ మళ్లీ కొలిస్తే 170, 165, 165 వచ్చింది. నాన్నగారు ఆ మూడు అంకెలను తేదీ వేసి, 2006 నుంచి తాము రాస్తున్న సర్వీసు పుస్తకంలో ఎక్కించారు.