వేలెడంత సందు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గేర్‌బాక్సుల షెడ్డులో చేరేనాటికి నాకు మెట్‌పల్లిలో ఎనిమిదేళ్ల పని అనుభవం ఉంది, కానీ అదంతా లారీలు, ట్రాక్టర్లు, పాత జీపుల మీదే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒక్కటి కూడా విప్పి ఎరగను. ఏజెంటు అడిగితే మాత్రం అన్నీ వచ్చన్నాను. మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి పాస్‌పోర్టు చేతిలో పెట్టినవాడు ఇంకేం చెప్తాడు?

ఇక్కడికొచ్చి చూస్తే రోడ్డు మీద కార్లన్నీ దాదాపు ఆటోమేటిక్కే. షెడ్డులో గేర్‌బాక్స్ అని ఎవరూ అనరు, ఉట్టి ‘గేర్’ అంటారు. ‘గేర్ ఉతారో’ అంటే మొత్తం కిందికి దింపమని. మా ఉస్తాద్ పెషావర్ వైపు పఠాన్, లెక్కలు చూసేది మలయాళీ, ఓనరు నెలకోసారి కనిపిస్తాడు. అందరం మాట్లాడుకునేది హిందీ అనుకుంటాం కానీ అది ఎవరి హిందీయో ఎవరికీ తెలియదు.

నాలుగు నెలలు దింపడం, కడగడం, మోయడమే నా పని. ఐదో నెలలో ఉస్తాద్ వేరే బండి మీద ఉండి ‘ఇది నువ్వు ఎక్కించు’ అన్నాడు. 2005 మోడల్ షెవర్లే టాహో, 5.3 లీటర్ ఇంజన్, దానికి షెవర్లే తయారుచేసే జీఎం కంపెనీ వాళ్ల 4ఎల్60ఈ అనే ఆటోమేటిక్ గేర్. జూన్ నెల, మధ్యాహ్నం. ఎండాకాలంలో పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది, కానీ మాది రేకుల షెడ్డు, నీడ కిందే లెక్క. ఆ నీడలో స్పానర్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

మనం ఎరిగిన బళ్లలో క్లచ్ ప్లేట్ ఉన్నచోట వీటిలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. గుమ్మడికాయలా గుండ్రటి ఇనుప డొల్ల, లోపల ఆయిల్. ఇంజన్ తిరిగితే డొల్లకు అతికిన రెక్కలు ఆయిల్‌ని విసురుతాయి, ఆ ఆయిల్ ఎదుటి టర్బైన్ అనే రెక్కల చక్రాన్ని తిప్పుతుంది, మధ్యలో స్టేటర్ అనే చక్రం తిరిగొచ్చే ఆయిల్ దారి మళ్లిస్తుంది. దీన్ని గేర్ మూతికి, అంటే ఇంజన్ వైపు కొసకి, తొడిగేటప్పుడు ఒక్కచోట కాదు, మూడు చోట్ల పట్టాలి. టర్బైన్ పళ్లు గేర్ లోపలికి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ మీద, స్టేటర్ పళ్లు దాని చుట్టూ ఉన్న కదలని గొట్టం మీద, చివరికి కన్వర్టర్ మెడకున్న రెండు గాడులు ఆయిల్ పంపు లోపల తిరిగే రోటర్‌లో. మొదటి రెండూ సులువుగానే పడతాయి. ఆ మూడోదే మోసం చేస్తుంది, ఎందుకంటే రెండు పట్టాక కన్వర్టర్ గట్టిగా, నిండుగా కూర్చున్నట్టే కనిపిస్తుంది.

నేనైతే సరిగ్గానే తొడిగాను. ఉస్తాద్ చేసేది చూసినట్టే గేర్‌ని పాత టైరు మీద నిలువుగా, మూతి పైకి వచ్చేలా నిలబెట్టి, సీల్ పెదవికి గ్రీజు రాసి, కన్వర్టర్‌లో లీటరు దాకా ఆయిల్ పోసి, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ దింపాను. టక్, టక్, కాసేపటికి ఇంకో టక్. మూడో టక్కుకి అది ఒక్కసారిగా కిందికి దిగడం చేతికి తెలిసింది. ఆ రోజు నాకు భలే గర్వమనిపించింది.

తప్పు తర్వాత జరిగింది. గేర్‌ని పడుకోబెట్టి జాక్ మీదికి లాగేటప్పుడు మూతి కిందికి వంగింది. కన్వర్టర్ జారిపోకుండా తీగతో కట్టాలి, నేను కట్టలేదు. అది ముందుకు జారింది, నేను చూసుకోలేదు.

బండి కిందికి తోసి ఎత్తితే గేర్ మూతికీ ఇంజన్‌కూ మధ్య వేలెడంత సందు. తోసినా పోదు, ఊపినా పోదు. ఇక్కడే నా ఎనిమిదేళ్ల అనుభవం పనిచేసింది. మన దగ్గర లారీ గేర్‌బాక్స్ చివరి అరంగుళం రాకపోతే ఏం చేస్తాం? నాలుగు బోల్టులు పెట్టి ఒక్కో చుట్టు బిగిస్తూ లాగుతాం. అదీ తప్పేలెండి, కానీ చాలాసార్లు నడిచిపోతుంది. ఇక్కడా అదే చేశాను. సందు తగ్గుతోంది, నాకు సంతోషం. చివర్లో లోపల ఎక్కడో చిన్నగా పటుక్కుమంది. టైరు మీద విన్న టక్కు వేరు, ఇది వేరు, ఆ సంగతి చెవికి అర్థమైంది కానీ మనసు ఒప్పుకోలేదు.

స్టార్ట్ చేస్తే ఈల వేసినట్టు మోత. ముందుకెళ్లే డీలో పెడితే కదల్లేదు, వెనక్కెళ్లే ఆర్‌లోనూ కదల్లేదు. ఐదు నిమిషాల్లో మూతి కింద ఎర్రటి ఆయిల్ మడుగు కట్టింది. మళ్లీ దింపితే పంపు రోటర్ మూడు ముక్కలు, సీలు చిరిగి ఉంది.

ఉస్తాద్ అరవలేదు, అది ఇంకా కష్టమనిపించింది. పాత సామాన్ల కొట్టు నుంచి పంపు తెచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బిగించాడు. ఆ డబ్బులు రెండు నెలల జీతంలో కోశారు, ఇంటికి మాత్రం ఓవర్‌టైం లేదని చెప్పాను. ఆ సాయంత్రం ఉస్తాద్ చెప్పిందల్లా ఒక్కటే: మూతి ఇంజన్‌కి చేత్తోనే అతుక్కోవాలి, అతుక్కోకపోతే బోల్టు ముట్టుకోవద్దు, కిందికి దింపి చూడు.

అప్పటి నుంచి నా దగ్గర రెండు సామాన్లు ఎప్పుడూ ఉంటాయి, ఒక కట్టుతీగ, ఒక స్టీలు స్కేలు. గేర్ మూతికి అడ్డంగా కమ్మీ పెట్టి కన్వర్టర్ ఎంత లోపలికి ఉందో కొలుస్తాను, టైరు మీద ఒకసారి, బండి కిందికి తోసే ముందు ఇంకోసారి. ఎంత ఉండాలనేది గేర్‌ని బట్టి మారుతుంది, పుస్తకంలో చూసుకోవాల్సిందే. గేర్ ఇంజన్‌కి అతుక్కున్నాక కూడా కన్వర్టర్ చేత్తో హాయిగా తిరగాలి, ఇంజన్ వైపు కన్వర్టర్‌ని బిగించే పల్చటి ఫ్లెక్స్ ప్లేటుకీ దానికీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. 4ఎల్60ఈకైతే మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. అప్పుడు దాన్ని ముందుకు లాక్కుని బోల్టులు బిగించాలి. ఖాళీ అసలు లేదంటే కన్వర్టర్ లోపలికి పోలేదని. మరీ ఎక్కువుంటే అదీ బాగోలేదు, ముందుకు లాగాక మెడ పంపులో అంచుకే పట్టుకుంటుంది.

ఉస్తాద్ ఇప్పుడు ఊరికి వెళ్లిపోయాడు, ఆయన చోట నేనున్నాను. మెట్‌పల్లిలో మా బామ్మర్ది షెడ్డు పెట్టాడు, అప్పుడప్పుడూ వీడియో కాల్ చేస్తాడు. మొన్న శుక్రవారం సెలవు రోజు పొద్దున్నే చేశాడు. ‘బావా, ఆటోమేటిక్ బండి దింపిన గని నువ్వు చెప్పిన డొల్ల లేదే, మామూలు క్లచ్ ప్లేటే ఉన్నది’ అన్నాడు. ఏం బండిరా అంటే సెలేరియో. అది ఏఎంటీ, మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే, కాలు బదులు మిషన్ క్లచ్ తొక్కుతుంది, గేరు మారుస్తుంది, అంతే. కన్వర్టర్ ఉండదని చెప్పాను.

‘అయితే బోల్టులతోని గుంజనా మరి?’ అన్నాడు.

వద్దురా అన్నాను. క్లచ్ మార్చాక స్కానర్ పెట్టి, క్లచ్ ఎక్కడ పడుతుందో ఆ మిషన్‌కి మళ్లీ నేర్పించాలి, నీ దగ్గర ఉందా అంటే, జగిత్యాలలో ఒకాయన దగ్గర ఉందట.